కుటుంబరావు పట్టుకున్న సోడా

అమీర్‌పేట హాస్టల్లో నేనున్న రోజుల్లో జనం దేన్నైనా నమ్మేవాళ్ళు. తొంభై రోజుల్లో జావా మొత్తం బుర్రకెక్కేస్తుందని నమ్మేవాళ్ళు. ఫలానా సార్ చేతిరాత నోట్సు జిరాక్స్ సంపాదిస్తే ఇంటర్వ్యూ సగం గెలిచినట్టేనని నమ్మేవాళ్ళు. ఇంటర్వ్యూకి నీలం చుడీదార్ వేసుకెళ్తే కలిసొస్తుందని మా అంతస్తులో గట్టి నమ్మకం. (ఈ మూడూ నేనూ నమ్మాను. చుడీదార్ వెలిసిపోయింది గానీ ఉద్యోగం రాలేదు.) కరెంటు స్తంభాల మీద, బస్టాపు గోడల మీద, ఆఖరికి కొబ్బరిబొండాల బండి గొడుగు మీద కూడా ఏదో ఒక కోర్సు పేరుండేది. అంత నమ్మకం ఒక్కచోట పోగైతే దాని పక్కనే అంత అనుమానమూ పోగవుతుంది. ఉద్యోగం రానివాళ్ళకి ఎందుకు రాలేదో ఒక కారణం కావాలి, ఆ కారణం తమలో ఉండకూడదు. అలా పుట్టిన అనుమానాల్లో అన్నిటికన్నా గట్టిది, ప్రతి హాస్టల్లోనూ సీనియర్లు జూనియర్లకి మంత్రోపదేశంలా చెవిలో చెప్పేది, అన్నంలో సోడా సంగతి. హాస్టల్ వాళ్ళు అన్నంలో చిటికెడు వంటసోడా వేస్తారట. దాంతో నాలుగు ముద్దలకే కడుపు ఉబ్బి ఇక చాలనిపిస్తుందట. అలా బియ్యం మిగుల్చుకుంటారట. వేస్తుండగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, కానీ చూసినవాళ్ళని చూసినవాళ్ళు మాత్రం గదికొకరు ఉండేవారు.

నేను జావా కోర్సు రెండుసార్లు చేశాను. రెండోసారి కూడా అది నన్ను కరుణించకపోయేసరికి, పంజాగుట్ట చౌరస్తా దగ్గర కళ్ళద్దాల దుకాణం పైన మూడో అంతస్తులో ఉన్న ఒక కార్టూన్ల ఆఫీసులో మాటలు రాసే పనికి చేరాను. ఆఫీసంటే రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, వెనకవైపు కుమ్మరిచక్రం మీద కుండల్లా ఉబ్బిన మానిటర్లు. మా బాస్‌ని అందరం ఫ్రేమ్ అన్న అనేవాళ్ళం. ఒక్క బొమ్మ ఎక్కువ గీసినా "గీ ఫ్రేమ్ ఎందుకు, గిది లేకుంట నడవదా" అని అడిగేవాడు. పాత్రలకి మూడే నోళ్ళు ఉండేవి: తెరిచిన నోరు, గుండ్రటి నోరు, మూసిన నోరు. తెలుగు భాష మొత్తాన్నీ ఆ మూడు నోళ్ళతోనే పలికించాలి. ఇంట్లో మాత్రం నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని చెప్పాను. హాస్టల్లో "ప్రాజెక్టులో ఉన్నాను" అనేదాన్ని. అమీర్‌పేటలో ఆ మాట అంటే చాలు, ఏ ప్రాజెక్టని మర్యాదస్తులెవరూ అడగరు.

మా కేబుల్ వాళ్ళకి సొంత చానెల్ ఒకటి ఉండేది. రోజంతా పాత సినిమాలు, మధ్యలో చీరల దుకాణాల ప్రకటనలు. ఆదివారం పొద్దున పదింటికి పది నిమిషాలు మాకిచ్చారు. అందులో మా హీరో కుట్రల కుటుంబరావు. బట్టతల, పొడుగు ముక్కు, చేతిలో ఎప్పుడూ మడత గొడుగు. ఆయనకి లోకంలో ఏదీ ఊరికే జరగదు. వాన కురిస్తే గొడుగుల కంపెనీ కుట్ర, కురవకపోతే చలివేంద్రాల వాళ్ళ కుట్ర. చంద్రుడనేది అసలు లేడనీ, అది కరెంటాఫీసు వాళ్ళు పైన వేలాడదీసిన జీరో బల్బనీ, అందుకే నెలకోసారి ఆరిపోతుందనీ ఆయన సిద్ధాంతం. మొదటి రెండు వారాలూ అలాంటివి రాశాను. చూసినవాళ్ళు నవ్వారు గానీ ఫోన్ చేసి చెప్పేంతగా నవ్వలేదు. "చెల్లె, చంద్రుడు శానా దూరముంటడు. జనానికి దగ్గర్ది ఏమన్న రాయి" అన్నాడు ఫ్రేమ్ అన్న. నాకు ఠక్కున తట్టింది. మాకు సోడా కన్నా దగ్గరిది ఇంకేముంది?

ఇక్కడ మా హాస్టల్ పిన్నిగారి గురించి చెప్పాలి. రాజమండ్రి అవతల్నుంచి వచ్చినావిడ. భర్త పోయాక, రెండంతస్తులు అద్దెకి తీసుకుని ఇరవై ఎనిమిది మంది ఆడపిల్లల్ని పెట్టుకుని హాస్టల్ నడుపుతుండేవారు. మనిషి కాస్త భారీ. మెడలో నల్లదారానికి వేలాడే కళ్ళద్దాలు, చెంగు బొడ్లో దోపిన ఆకుపచ్చ నైలాన్ చీర, చేతిలో గరిటె. వడ్డించేటప్పుడు ఒకటే పాట: "పెరుగు మళ్ళీ వేస్తానమ్మా, కూర మాత్రం ఒక్కసారే." జ్వరమొస్తే అడక్కుండానే మిరియాల చారు గదికి పంపేవారు. రాత్రి ఎనిమిది దాటి వస్తే మాత్రం పోలీసువారికన్నా ఎక్కువ ప్రశ్నలడిగేవారు. నేను రాసిన ఎపిసోడ్‌లో మెస్ ఆంటీకి ఆ కళ్ళద్దాలే పెట్టించాను, ఆ చీరే కట్టించాను, ఆ కూర మాటే పలికించాను. మెస్సులో మూలనుండే సొట్ట అల్యూమినియం గిన్నెని కూడా కాగితం మీద గీసి మరీ బొమ్మలబ్బాయికి ఇచ్చాను. ఆవిడని వెక్కిరించాలని కాదు. నాకు తెలిసిన హాస్టల్ అదొక్కటే. అదే కళ అని కూడా అప్పట్లో అనుకున్నాను. గొంతు ఇవ్వడానికి ఎవరూ దొరక్కపోతే ఆ ఆంటీ గొంతు నేనే ఇచ్చాను, బయట బస్సుల హారన్లు వినపడకుండా దుప్పటి ముసుగులో దూరి, చెమటలు కక్కుతూ, పిన్నిగారి గోదావరి యాసలో.

కథ చాలా చిన్నది. కుటుంబరావు మేనకోడల్ని చూడ్డానికి హాస్టల్‌కి వస్తాడు. ఆంటీ అన్నంగిన్నెలో తెల్లటి పొడేదో వెయ్యడం చూస్తాడు. సోడా అని తేల్చేస్తాడు. అక్కడినుంచి గోడ మీద సుద్దముక్కతో బాణం గుర్తులు గీస్తూ పోతాడు: సోడా వల్ల కడుపు ఉబ్బుతుంది, ఉబ్బితే క్లాసులో నిద్రొస్తుంది, నిద్రొస్తే జావా ఎక్కదు, ఎక్కకపోతే కోర్సు మళ్ళీ కట్టాలి, కాబట్టి కోచింగ్ సార్లూ హాస్టల్ ఆంటీలూ ఒకటే. వాళ్ళ వెనక నిద్రమాత్రల వాళ్ళు, వాళ్ళ వెనక దిండ్ల కంపెనీ. చివరికి రుజువు కోసం ఆ పొడిని వేలితో తీసి నోట్లో వేసుకుంటాడు. ఉప్పు. మొహం చిట్లించుకుని మంచినీళ్ళకోసం పరిగెత్తుతాడు. సమాప్తం. ఇంతకంటే విడమరిచి ఎవరు చెప్తారండీ? అనుమానాన్ని నవ్వుతో కడిగేశానని, రేపట్నుంచి అమీర్‌పేటలో సోడా మాట వినపడదని ఆ వారమంతా గాల్లో తేలాను.

ఆ ఆదివారం పొద్దున తలంట్లు పోసుకున్న పిల్లలంతా తడి జుట్లతో హాల్లో టీవీ ముందు చేరారు. నా పక్కన నా రూమ్మేట్. ఆమెకి తొమ్మిది సర్టిఫికెట్లు ఉండేవి, పదోదానికి చదువుతుండేది. అందుకని సర్టిఫికెట్ అక్క అనేవాళ్ళం. పేర్లు పడ్డప్పుడు 'రచన' ఎదురుగా 'మా బృందం' అని పడింది. (అంతకుముందు వారం దీని మీదే ఫ్రేమ్ అన్నతో పోట్లాడాను.) బొమ్మ మొదలైంది. కుటుంబరావు గొడుగు తలుపులో ఇరుక్కోగానే నవ్వారు. ఆంటీ "కూర మాత్రం ఒక్కసారే" అనేసరికి హాలు హాలంతా ఘొల్లుమంది. నా వేళ్ళ చివర్ల దాకా సంతోషం పాకింది. నేను రాసిన మాటకి పాతికమంది ఒకేసారి నవ్వడం నేను పుట్టాక అదే మొదలు. గుమ్మంలో నిలబడి చూస్తున్న పిన్నిగారు కూడా బొజ్జ కదిలేలా నవ్వి, "అచ్చం ఆ ఎదురు హాస్టల్ ఆవిడే. ఏం పట్టారమ్మా, ఆవిడ నడక కూడా దించేశారు" అన్నారు. నేను టీవీ వైపే చూస్తూ కూర్చున్నాను.

కుటుంబరావు బాణాలు గీయడం మొదలెట్టాక నవ్వులు పల్చబడ్డాయి. పిల్లలు ముందుకి వంగారు. సర్టిఫికెట్ అక్క నోట్సు రాసుకునేటప్పుడు కళ్ళు చిన్నవి చేస్తుంది, అలా చేసి చూస్తోంది. చివర్లో ఉప్పు తేలింది. ఇద్దరో ముగ్గురో నవ్వారు. మిగతావాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"ఆ సొట్ట గిన్నె మనదే కదూ?" అంది కింద గది పిల్ల.

"అది సరే, అంతా కరెక్టుగా చెప్పుకొచ్చి, ఆఖర్న ఉప్పని ఎందుకు మార్చారంటావ్?" అంది సర్టిఫికెట్ అక్క.

"కథే అది కదక్కా, అతను చెప్పిందంతా తప్పని తేలింది" అన్నాను, వీలైనంత మామూలుగా.

"నీకు లోకం తెలీదు. ఎవరో బెదిరించుంటారు. లేకపోతే తొమ్మిది నిమిషాలు సోడా అని, ఆఖరి నిమిషంలో ఉప్పంటారా?"

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ అన్నాన్ని ముద్ద ముద్దా పరీక్షించి తిన్నారు. నాలుగు ముద్దలయ్యేసరికి ఒక పిల్ల కంచం తోసి, "చూశారా, అప్పుడే నిండిపోయింది" అంది. పదకొండింటికి ఐదిడ్లీలు తిన్న సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు. నేను మాత్రం ఇద్దరి వంతు తిన్నాను, రచయితగా నా బాధ్యత అనుకుని.

సోమవారం ఆఫీసుకెళ్ళేసరికి ఫోన్ మోగుతూనే ఉంది. ఫ్రేమ్ అన్న సుద్దముక్కతో నల్లబోర్డు మీద, ఫోనుకో గీత పెట్టడానికి మూడు గళ్ళు గీశాడు: నవ్వినోళ్ళు, కోపం జేసినోళ్ళు, నమ్మినోళ్ళు. మొహం వెలిగిపోతోంది. "చెల్లె, ఫోన్లు మస్తు వస్తున్నయ్. చాయ్ గూడ తాగనిస్తలేరు" అన్నాడు. నేను ఒక ఫోను, ఆయనొక ఫోను పట్టుకున్నాం. శ్రీనగర్ కాలనీ నుంచి ఒక రిటైర్డు పెద్దాయన, పిల్లలకి మంచి బుద్ధి చెప్పారని మెచ్చుకుని, జీరో బల్బు మాత్రం శాస్త్రవేత్తలకి అవమానమని క్లాసు పీకారు. ఇంకొకాయన తన తండ్రి పేరు కుటుంబరావనీ, ఆయన జన్మలో గొడుగు పట్టుకోలేదనీ, క్షమాపణ చెప్పాలనీ అన్నారు. చెప్పాను. ఒక తల్లి, మా వాడు ఉప్పు మానేశాడు, ఏం చెయ్యమంటారని అడిగింది. ఒక చిన్నపిల్ల కుటుంబరావుకి పెళ్ళయిందా అని అడిగి, కాలేదంటే, మంచిదైంది అని పెట్టేసింది. మాసబ్ ట్యాంక్‌లో ఏదో ఆఫీసు నుంచి ఒకాయన, నీళ్ళ ట్యాంకర్ల వెనకున్న అసలు కథ తన దగ్గర కాగితాలతో సహా ఉందనీ, వచ్చే వారానికి వాడుకోమనీ అరగంట చెప్పాడు. మరొకాయన గొంతు తగ్గించి, "సరిగ్గా పట్టారమ్మా. జాగ్రత్తగా ఉండండి" అని మాత్రమే అని పెట్టేశాడు. నిజంగానే ఏదో పట్టేశానేమోనని ఒక్క క్షణం నాకే అనిపించింది, అంత బాగుంది ఆయన గొంతు.

మధ్యాహ్నానికి మూడో గడి నిండిపోయి గీతలు బోర్డు చెక్క మీదికి పాకాయి. "నమ్మినోళ్ళే ఎక్కువైతున్నరు గదనే" అని ఫ్రేమ్ అన్న తల గోక్కున్నాడు. తర్వాత ఆయనే, "అయితే ఏంది, జూస్తున్నరు గద" అని తేల్చేశాడు. నాక్కూడా ఆ సాయంత్రం దిగులేమీ లేదు. నిజం చెప్పాలంటే, షేర్ ఆటోలో ఇద్దరు కుర్రాళ్ళు కుటుంబరావు గురించి వాదించుకుంటుంటే, వాళ్ళు వినేలా "అది రాసింది నేనే" అనాలని నాలుక దురద పెట్టింది. ఒకడు "హాస్టలోళ్ళు పైసలిచ్చి ఆఖర్న ఉప్పని జెప్పించిండ్రు భాయ్" అన్నాడు. నోరు మూసుకున్నాను.

బుధవారానికి సంగతి హాస్టల్ దాటి ఊళ్ళకి చేరింది. పిల్లలు వరసగా ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి, "టీవీలో మా హాస్టల్ చూపించారు నాన్నా" అని చెప్పారు. ఇక నాన్నలు ఊరుకుంటారా? నెలాఖరుకి ఖాళీ చేస్తామని పదకొండు మంది పిన్నిగారికి చెప్పేశారు. ఇంకొందరు ఊగుతున్నారు. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి పిన్నిగారు మెట్ల మీద చేటలో గోంగూర పోసుకుని కూర్చున్నారు, కానీ ఆకు తుంచడం లేదు.

"దేవుడి పటం ముందు నిలబడి ప్రమాణం చేశానమ్మా సోడా వెయ్యట్లేదని. ఓ పిల్ల ఏమందో తెలుసా? సోడా వేసేవాళ్ళకి ప్రమాణమో లెక్కా అంది. సగం మంది వెళ్ళిపోతే ఇది మూసెయ్యడమే. ఈ వయసులో మా తమ్ముడింట్లో ఓ మూల పడుండాలి, మరదలు పెట్టింది తిని." చేట పక్కకి జరిపి అన్నారు, "నువ్వు పంజాగుట్ట వైపేగా పని చేసేది. ఆ బొమ్మలాఫీసు అక్కడేనట. ఆ రాసినవాడెవడో కాస్త కనుక్కుంటావా?"

"కనుక్కుంటాను పిన్నిగారూ" అన్నాను.

ఇన్నేళ్ళలో నేనాడిన అబద్ధాల్లో ఇంతకంటే చవకబారుది లేదు. గదిలోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. నాకు మిరియాల చారు పోసిన మనిషి, నా ఎపిసోడ్ వల్ల, పరాయి పంచన చేరబోతోంది.

మర్నాడు ఫ్రేమ్ అన్న దగ్గరికెళ్ళి, వచ్చే ఆదివారం ఇంకో ఎపిసోడ్ వేద్దాం, అదంతా కల్పితమని గట్టిగా చెప్దాం అన్నాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఉప్పని జెప్పినం గద చెల్లె. నాలికకి తగిలిచ్చి మరీ జెప్పినం. ఇంకేం జెప్పాలె?"

"మళ్ళీ చెప్పాలె అన్నా."

"మళ్ళ జెప్తే, రెండుసార్లు ఎందుకు జెప్పిండ్రు అంటరు. ఊకో. నీకంత ఫికరుంటే పోయి నీ హాస్టలోళ్ళకి నువ్వే జెప్పు."

ఆ మాట అనేసి పనిలో పడ్డాడు గానీ అది నన్ను వదల్లేదు. అయినా ఒప్పుకునే ధైర్యం చాలక ముందు ఇంకో ఉపాయం పన్నాను. వంటింటి కాపలా. రోజూ ఇద్దరు పిల్లలు అన్నం వండుతున్నంతసేపూ పొయ్యి పక్కనే నిలబడి చూడాలి, కళ్ళారా చూశాక అనుమానం ఎక్కడుంటుంది? పిన్నిగారు పాపం ఒప్పుకున్నారు. ముప్ఫయ్యేళ్ళుగా వంట చేస్తున్న మనిషి, ఇరవయ్యేళ్ళ పిల్లలు పక్కన నిలబడి చెయ్యి చూస్తుంటే ఎసట్లో బియ్యం పోశారు. ఉప్పు వేసే ముందు దాన్ని వాళ్ళ నాలుకలకి రాశారు. మొదటిరోజు కాపలాకి వెళ్ళింది సర్టిఫికెట్ అక్కే. తిరిగొచ్చి గదిలో అందరికీ తీర్పు చెప్పింది: "వెయ్యలేదు. మనం చూస్తున్నామని వెయ్యలేదు. అంటే రోజూ వేస్తున్నట్టేగా." అందరూ తలలూపారు. నేను గోడకి తల కొట్టుకోలేక దిండుకి కొట్టుకున్నాను. నేను సృష్టించిన కుటుంబరావు దీనిముందు ఎందుకూ పనికిరాడు.

ఇక మిగిలింది ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ, ఇరవై ఎనిమిది మందీ కంచాల ముందున్నప్పుడు, లేచి నిలబడ్డాను. ఇంటర్వ్యూల్లో కూడా అంత భయపడలేదు.

"అందరూ ఒక్క నిమిషం వినండి. ఆ బొమ్మల ఎపిసోడ్ రాసింది నేను. నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం లేదు, పంజాగుట్టలో కార్టూన్లకి మాటలు రాస్తాను. ఆ ఆంటీ గొంతు కూడా నాదే. సోడా సంగతి మీ దగ్గర విన్నదే రాశాను, నవ్వించడానికి రాశాను. పిన్నిగారు ఏ పాపమూ ఎరగరు. కావాలంటే వినండి" అని, అక్కడికక్కడే పిన్నిగారి గొంతుతో ఆ కూర డైలాగు చెప్పాను.

ఒక్కరూ నవ్వలేదు. గుమ్మంలో చప్పుడైతే తలతిప్పి చూశాను. పిన్నిగారు, చేతిలో గరిటె, తడి చెయ్యి చెంగు మీద అలాగే ఆగిపోయి ఉంది. అంతా విన్నారు. ఆ కళ్ళలో కోపం ఉండుంటే నేను తట్టుకునేదాన్నే. ఆవిడ నన్నెప్పుడూ చూడనట్టు చూశారు.

ముందు మాట్లాడింది సర్టిఫికెట్ అక్క. "నీకు గది ఊరికే ఇస్తానన్నారా పిన్నిగారు?" అని నెమ్మదిగా, జాలిగా అడిగింది. కింద గది పిల్ల, "గొంతు ఎవరైనా దించుతారక్కా, నేనూ దించుతాను" అని దించి చూపించింది కూడా. (నాకన్నా బాగా దించింది.) వాదించబోయాను. ఎంత వాదిస్తే అంతగా నేను అమ్ముడుపోయినట్టు తేలుతోంది. వారం రోజులుగా అబద్ధాలాడితే ఎవరూ అనుమానించలేదు గానీ, ఒక్క నిజం చెప్పేసరికి నన్ను పట్టుకున్నారు.

అప్పుడు పిన్నిగారు లోపలికొచ్చారు. గరిటె బల్లమీద పెట్టారు.

"దాని మాటలు నమ్మకండమ్మా. ఆ పిల్ల నన్ను కాపాడదామని తనమీద వేసుకుంటోంది. సోడా వేస్తున్నమాట నిజమే."

నేను "పిన్నిగారూ" అని ఏదో అనబోతే, ఆవిడ నా వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపారు.

"బియ్యం కలిసొస్తాయని ఎవరో చెబితే వేశాను. తప్పే. ఇవాళ్టి నుంచి మానేస్తున్నాను. ఇదిగో" అని వంటింట్లోకెళ్ళి, బజ్జీల పిండిలోకని దాచుకున్న సోడా డబ్బా తెచ్చి బల్ల మధ్యలో పెట్టారు. "మీ చేతుల్తో మీరే పారబోయండి. ఈ పూటకి మళ్ళీ వండి పెడతాను. ఆ తర్వాత కూడా వెళ్ళాలనుకున్నవాళ్ళు వెళ్ళండి."

ఇక చూడాలి ఆ హాల్లో పండగ. పదిమంది లేచారు. డబ్బాని ఊరేగింపుగా తీసుకెళ్ళి పెరట్లో తూములో పోసి, రెండు చెంబుల నీళ్ళు కుమ్మరించి వచ్చారు. మొహాల్లో ఎంత వెలుగని. తొమ్మిది సర్టిఫికెట్లూ ఇవ్వలేని గెలుపు అక్క మొహంలో కనిపించింది. పిన్నిగారు నిజంగానే మళ్ళీ ఎసరు పెట్టారు, మొదటిసారి లాగే, అదే బియ్యం, అదే ఉప్పు, అదే సొట్ట గిన్నె. ఆ అన్నం ముందు కూర్చుని పిల్లలు రెండోసారి పెట్టించుకున్నారు, మూడోసారి పెట్టించుకున్నారు. "తేడా తెలుస్తోంది కదే" అని ఒకళ్ళు. "పువ్వులా ఉంది" అని ఇంకొకళ్ళు. నన్ను కూడా మెచ్చుకున్నారు. పాపం అక్క, పిన్నిగారి కోసం ఎంత అబద్ధమైనా ఆడేసింది, మనసు మంచిది అన్నారు. ఆ మెప్పుతోపాటు అన్నం మింగడం ఎంత కష్టమో నాకే తెలుసు. నెలాఖరుకి ఒక్కరూ ఖాళీ చెయ్యలేదు.

కంచాలు తీశాక వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ గిన్నె అడుగు గోకుతున్నారు. "ఎందుకలా చెప్పారు పిన్నిగారూ, చెయ్యని తప్పు" అన్నాను.

"చెయ్యలేదని నేను చెప్తే నమ్మలేదు. నువ్వు చెప్తే నమ్మలేదు. వాళ్ళకి నేను తప్పు చేసుండాలి తల్లీ. చేశానన్నాను. మానేశాను అన్నాను. కడుపునిండా తిన్నారు చూశావా, వారం తర్వాత" అన్నారు. గోకడం ఆపి, "అయితే ఆ బొమ్మలో ఉన్నది నేనేనా? నేనంత లావుంటానా?" అని అడిగారు. నేను ఏడుస్తూనే, బొమ్మలు గీసేవాళ్ళకి కొలతలు తెలీవని చెప్పాను. ఆవిడ నా మొహాన ఆ తడిచెంగుతో ఒక్కటి విసిరి, గిన్నె తోమమని నా చేతికిచ్చారు. అంతకుమించి ఎప్పుడూ ఒక్క మాటనలేదు.

ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర అక్కడే ఉన్నాను. కుటుంబరావు కార్యక్రమం చీరల ప్రకటనల కింద నలిగి ఆగిపోయింది. మా హాస్టల్ మాత్రం సోడా లేని హాస్టల్‌గా పేరు మోసి, ఎప్పుడు చూసినా నిండుగా ఉండేది. గది కోసం వచ్చినవాళ్ళు పేరు రాయించుకుని వెళ్ళేవాళ్ళు. ఇరవై మూడేళ్ళ వయసులో, జనం నవ్వితే చాలు అనుమానం పోతుందని నమ్మిన ఆ పిల్ల ఇప్పుడు గుర్తొస్తే ముద్దొస్తుంది, చెవి మెలిపెట్టాలనీ అనిపిస్తుంది. అమీర్‌పేటలో అందరికన్నా పెద్ద నమ్మకం తనదే.

నేను ఖాళీ చేసి వెళ్ళే రోజు, సూట్‌కేసు పక్కన పెట్టుకుని చివరి భోజనం చేస్తుంటే, ముందురోజే చేరిన ఒక పిల్ల నా పక్కకి జరిగింది. "అక్కా, మీకు తెలుసా? ఈ పిన్నిగారు ఒకప్పుడు అన్నంలో సోడా వేసేవారట. పిల్లలు పోరాడి మాన్పించారట" అని చెవిలో చెప్పింది. అవతల పిన్నిగారు పెరుగు గిన్నెతో నిలబడి ఉన్నారు. విన్నారు. నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ మొహంలోకి చూశాను, నిండుగా ఉన్న బల్లలు చూశాను.

"అవునట, నేనూ విన్నాను" అన్నాను.

పిన్నిగారు నా కంచంలో గరిటెడు పెరుగు వేసి, పక్క వరసకి వెళ్ళిపోయారు.